సౌండు మాస్టారు

బెజవాడలో ప్రతి పేటకీ హోమియో మాత్రలిచ్చే పెద్దాయన ఒకరు, ముహూర్తాలు పెట్టే పంతులుగారు ఒకరు ఉంటారు. సౌండు మాస్టారు కూడా ఒకాయన ఉంటాడు. ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పినవాడు కాదు. బ్యాంకులోనో, ఇరిగేషన్ ఆఫీసులోనో చేసి రిటైరై ఉంటాడు. మేడ మీద గదిలో రెండు స్పీకరు బాక్సులు, మధ్యలో ఒక యాంప్లిఫయరు, ఎదురుగా ఒకే ఒక కుర్చీ. వచ్చినవాళ్లు నిలబడే వినాలి.

"మంచి ఇంటిగ్రేటెడ్ యాంపు ఏదో చెప్పండి మాస్టారూ" అని వెళ్లినవాడికి ఆయన దగ్గర పేరు దొరకదు, ప్రశ్నలు దొరుకుతాయి. "గది పొడుగెంత? కింద మార్బులా, మొజాయికా? కర్టెన్లున్నాయా? బాక్సులు గోడకి ఆనించావా? వాటి వెనక ఏం రాసుంది?" ఇంతసేపూ తల గోక్కున్న మనిషి చివరికి ధైర్యం చేసి, "వంద వాట్స్‌ది తీసుకుంటే సరిపోతుందా అండీ?" అంటాడు. మాస్టారు కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడవడం మొదలుపెడతాడు. ఇక గంటసేపు కదలడానికి లేదు.

ఆయన పోరాటమంతా వాట్స్ మీదే. పాపం, జనాన్ని అని లాభం లేదు. ఈ డెల్టాలో సౌండంటే మైకుసెట్టు. అహూజా యాంపు ఒకటి, కొబ్బరిచెట్టుకి కట్టిన హార్నులు నాలుగు. అవతలి కాలవగట్టు దాకా వినపడకపోతే పెళ్లి తూతూమంత్రంగా చేశారంటారు. తర్వాత తొంభైల్లో వచ్చిన టేప్‌రికార్డర్ల మీద పీఎంపీఓ అంటూ వేల వాట్స్ అచ్చేశారు. "నిజంగా అంత వాడితే వీధి ఫ్యూజు ఎగిరిపోవాలి కదయ్యా" అని ఆయన అప్పుడూ అన్నాడు, ఇప్పుడూ అంటున్నాడు.

ఆయన చెవి రేడియో కాలం నాటిది. 1948లో మొదలైన బెజవాడ కేంద్రం పొద్దున్నే భక్తిరంజని వేస్తే, నాలుగైదు వాట్స్ కూడా ఇవ్వలేని వాల్వు సెట్టుతోనే ఇల్లంతా విన్నది. 1978లో వచ్చిన నాడ్ 3020 యాంపు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. "దాని మీద రాసింది ఇరవై వాట్సేనయ్యా! ప్రపంచమంతా ఎగబడి కొన్నది."

లెక్క అడిగితే వేళ్ల మీద చెబుతాడు. "యాభై వాట్స్‌ది తీసి వందది పెట్టావనుకో, పెరిగేది మూడు డెసిబెల్స్. నాబ్ కాస్త తిప్పితే వచ్చేదే. చెవికి రెట్టింపు వినపడాలంటే పదింతలు వాట్స్ కావాలి. ముందు బాక్సు సంగతి చూడు. ఒక్క వాటిస్తే మీటరు దూరంలో 84 డెసిబెల్స్ పలికేదుంది, 90 పలికేదీ ఉంది. 84 దానికి నాలుగింతలు పవరు పొయ్యాలి. కొబ్బరిచెట్టు మీది హార్ను వందకి పైనే పలుకుతుంది. ఇప్పుడు చెప్పు, ఊరంతా మోగింది యాంపు గొప్పా, హార్ను గొప్పా?"

అలాగని బొత్తిగా చిన్నదీ కొననివ్వడు. చిన్న యాంపుని చివరిదాకా తిప్పితే అది పాటని పైనా కిందా నరికేసి పంపిస్తుందనీ, ముందు కాలేది ట్వీటరేననీ హెచ్చరిస్తాడు. ఆ తర్వాత ఓమ్స్. "వెనక 8 అని రాస్తారు. కొన్ని బాక్సులు బేస్ దగ్గర నాలుక్కి దిగిపోతాయి. అక్కడ యాంపు రెట్టింపు కరెంటు ఇవ్వాలి. అందుకని 8 ఓమ్స్ దగ్గర ఎన్ని వాట్సో చూసి ఊరుకోకు, 4 దగ్గర ఎన్నో చూడు. ఆ అంకె వెయ్యలేదంటే అనుమానించు." క్లాస్ ఏ యాంపు కొంటానన్నవాణ్ణి మాత్రం దండం పెట్టి పంపించేస్తాడు. అది పాట పాడకపోయినా కాలుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో, బెజవాడలో, దానికో ఏసీ, ఆ ఏసీ మోత వినపడకుండా వాల్యూము!

షోరూములో ఆయన్ని చూడాలి. కుర్రాడు బ్లూటూత్, రిమోటు, నీలం లైటు చూపిస్తుంటే, ఈయన యాంపుని రెండు చేతులా ఎత్తి బరువు చూస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ బరువే యాంపు బలమని ఆయన నమ్మకం. "సార్, పడిపోద్ది సార్" అని కుర్రాడు కింద చేతులు పడతాడు. క్లాస్ డీ పెట్టెలొచ్చాక ఆయనకి మనసు బాగాలేదు. అరచేతిలో పట్టేది శుభ్రంగా పలుకుతోంది. పలుకుతోందని ఒప్పుకుంటాడు గానీ, "ఎత్తి చూడ్డానికేం లేదయ్యా" అంటాడు.

ఇంత చేసీ ఆయన సొంత యాంపు అరవై వాట్స్‌ది. మేడ మీద అది ఒకటి, రెండు వాట్స్ దాటదు. కింద వంటింట్లో వాళ్లావిడ ఫోన్లో పెట్టుకున్న సుప్రభాతమే వీధిలోకి ఎక్కువ వినపడుతుంది.

చిక్కేమిటంటే, ఆయన్ని కొనే ముందు అడిగేవాళ్లు తక్కువ, కొన్నాక పిలిచేవాళ్లు ఎక్కువ. పటమటలో ఒక ఫ్లాటు. నిలువెత్తు బాక్సులు, కొత్త యాంపు, బేస్ మాత్రం లేదు. మాస్టారు ఘంటసాల భగవద్గీత పెట్టించాడు. ఆయన పరీక్షకి అదే కొలబద్ద. "మన గుడివాడ పక్క చౌటపల్లి ఆయనయ్యా, ఆ గొంతు నాకు తెలీదా?" గొంతు రెండు బాక్సుల మధ్య నిలవకుండా గదంతా తిరుగుతోంది. మాస్టారు వెనక్కి వంగి ఒక బాక్సుకి ఎరుపు, నలుపు వైర్లు అటూ ఇటూ మార్చాడు. ఘంటసాల వచ్చి నట్టనడుమ నిలబడ్డాడు, బేస్ కూడా దిగింది. ఇంటాయన ముఖం వెలిగింది. అప్పుడు కాఫీ గ్లాసు అందుకుంటూ మాస్టారు, "ఎంతకి తీసుకున్నారు?" అన్నాడు. ధర విన్నాడు. రెండు గుక్కలు తాగాడు. "సర్లెండి" అన్నాడు. ఇంటాయనకి ఆ రాత్రి నిద్రలేదు.

ఈ మధ్య గుణదల కుర్రాడొకడు అన్నీ చదువుకుని, ఎవర్నీ అడక్కుండా కొన్నాడు. 89 డెసిబెల్స్ బాక్సులు, 4 ఓమ్స్ దగ్గర కూడా బెదరని యాంపు, కింద తివాచీ, బాక్సుల వెనక రెండడుగుల జాగా. మాస్టారు వచ్చి శ్లోకాలు విన్నాడు. వైర్లు చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. కర్టెను ఎత్తి చూశాడు. కాలు మీద కాలు వేశాడు, తీశాడు.

"మీ లైన్లో వోల్టేజీ ఎంతొస్తోందబ్బాయ్?"

"230 ఉంటోందండీ."

"ఇన్వర్టరు మీద గుయ్యిమంటుందేమో?"

"లేదండీ, సైన్‌వేవ్‌దే తీసుకున్నాను."

మాస్టారు కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. యాంపుని రెండు చేతులా ఎత్తి మళ్లీ మెల్లిగా దించాడు.

"యాంపు బాగుందబ్బాయ్" అన్నాడు. "దీనికి ఈ బాక్సులు చాలవు."

కుర్రాడి ముఖం వాడిపోయింది. మాస్టారు ఇంకో కాఫీ అడిగాడు.