వైరు ఖరీదు

కాకినాడ మావయ్య 18 వేలు పెట్టి యూఎస్‌బీ కేబుల్ కొన్నారని తెలియగానే మా తమ్ముడు హైదరాబాద్‌లో రైలెక్కేశాడు. వాడు ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. పెన్షన్ డబ్బు వైరు పాలవడం వాడికి మింగుడు పడలేదు.

"ముందు వినరా, తర్వాత తిడుదువుగాని" అంటూ మావయ్య ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టారు.

మావయ్య చెవి సంగతి నాకు తెలుసు. తంబురా శ్రుతి వెంట్రుకవాసి జారినా కూర్చున్నచోట ఇబ్బందిగా కదులుతారు. వీణలో ఆయన వినేది మీటు కాదు, మీటాక మిగిలే నాదం. అది గమకంలో ఊగి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోతుంది. పాత కేబుల్‌తో సరిగ్గా ఆ చివర్లోనే గుయ్‌మని సన్నటి రొద అడ్డొస్తోందనీ, కొత్తది పెట్టాక అది పోయిందనీ ఆయన అంటారు.

"మావయ్యా, ఆ వైరులో వెళ్లేది వీణ కాదు, అంకెలు" అన్నాడు తమ్ముడు. "సీడీ స్థాయి పాటకి సెకనుకి 14 లక్షల బిట్లు చాలు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 సెకనుకి 48 కోట్లు మోస్తుంది. ఆ అంకెల్ని శబ్దంగా మార్చే మీ డ్యాక్ తన సొంత గడియారం ప్రకారం, తనకెంత కావాలో కంప్యూటర్‌ని అడిగి మరీ తీసుకుంటుంది. దారిలో పాడైన ముక్కని మళ్లీ పంపడం ఉండదు, అదీ నిజమే. కానీ అలా పోతే టక్కుమంటుంది, లేదా పాట తెగుతుంది. అంతేగానీ మాధుర్యం పెరగదు, తరగదు. ప్రింటర్‌తో ఇచ్చిన కేబుల్ కూడా ఇదే పని చేస్తుంది."

"నీ లెక్క తప్పని నేనన్నానా? మరి నా చెవి అబద్ధమా?"

ఈ తగువు తీరాలంటే ఏ కేబుల్ పెట్టారో తెలియకుండా వినాలి. ధర తెలిశాక చెవిని నమ్మలేం. మార్చేవాళ్ల మొహం కూడా కనబడకూడదని తమ్ముడు షరతు పెట్టాడు. మేం ముగ్గురం గోడవైపు తిరిగి కూర్చున్నాం. ఏ పక్షమూ లేని అత్తయ్యకి మార్చే పని అప్పగించాం. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది పెట్టాలి, కాయితం మీద రాసుకోవాలి.

మావయ్య ఒక్కసారీ తప్పలేదు. కాసేపటికి తమ్ముడు కూడా సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాడు. రొద వాడికీ వినిపిస్తోంది. చదివిన చదువంతా అడ్డం తిరిగినట్టు వాడి మొహం పాలిపోయింది. "ఇంకొక్కసారి అత్తయ్యా" అని, ఈసారి ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

అత్తయ్య ఒక చేత్తో కొత్త కేబుల్ పట్టుకుని, రెండో చేత్తో ల్యాప్‌టాప్ చార్జర్ పీకుతోంది.

"అదెందుకు పీకుతున్నావత్తయ్యా?"

"కొత్తది పెట్టినప్పుడల్లా తియ్యాలిటగా. పెట్టెలో కాయితం మీద రాశారు. కొన్నరోజే మీ మావయ్య చదివి చెప్పారు. పాతదానికి అలాంటిదేం లేదు కదా అని మళ్లీ పెట్టేస్తున్నా."

తమ్ముడు లేచి చార్జర్ తీసేసి పాత కేబుల్ తగిలించాడు. వీణ నాదం చివరిదాకా నిర్మలంగా సాగింది. చార్జర్ మళ్లీ గుచ్చి కొత్తది పెట్టాడు. గుయ్.

చార్జర్ మూడో పిన్ను నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక ఎర్తు, ఆంప్లిఫయర్‌కి ఇంకో ఎర్తు, రెంటినీ కలుపుతూ యూఎస్‌బీలోని గ్రౌండ్ తీగ. ఆ చుట్టులో తిరిగే 50 హెర్ట్జ్ కరెంటు అంకెల జోలికి పోదు. అవి డ్యాక్‌లో శబ్దంగా మారాక, ఆంప్లిఫయర్‌కి వెళ్లే దారిలో కలుస్తుంది. చార్జర్ తీస్తే చుట్టు తెగుతుంది, వైరు ఎంత ఖరీదుదైనా, ఎంత చవకదైనా. ఇలా విన్నవాళ్లని భ్రమపడ్డారని కొట్టిపారేస్తే నాకు ఒళ్లు మండుతుంది. వినబడిందంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి కదా! మావయ్య విన్నది నిజం, తమ్ముడి లెక్కా నిజం.

మావయ్య కళ్లజోడు తెచ్చుకుని ఆ కాయితం మళ్లీ చదివారు. 'ఉత్తమ ఫలితం కోసం, వినేటప్పుడు ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపండి.'

"అయితే ఏమండీ," అంది అత్తయ్య, "మనం 18 వేలు పోసి కొన్నది ఈ కాయితాన్నా?"