మూడు ముళ్ళ మందు

పీసీఓడీకి మందేమిటో తెలుగిళ్ళలో ఏనాడో తేల్చేశారు. అది మందుల షాపులో దొరకదు, ఫంక్షన్ హాల్లో దొరుకుతుంది. మోతాదు మూడు ముళ్ళు, అనుపానం ఏడడుగులు. "పిల్లను డాక్టర్ల చుట్టూ తిప్పడమెందుకు అక్కా, పెళ్ళి చేసెయ్యండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అని చెప్పే పిన్ని ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. ఆవిడ ఫీజు ఒక కాఫీ.

1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ళలో ఈ జబ్బును గుర్తించి రాశారు. అండాశయంలోంచి ముక్క కోసి తీస్తే నెలసరి తిరిగొస్తోందన్నారు. పాపం, కత్తి దాకా వెళ్ళారు. వాళ్ళకు పిన్ని లేదు.

ఈ జబ్బున్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో దాని స్థాయి పెరుగుతుంది. అది అండాశయాన్ని ఎగదోసి మగ హార్మోన్లు ఎక్కువ తయారుచేయిస్తుంది. అండం సగం ఎదిగి ఆగిపోతుంది. స్కానింగ్ రిపోర్టు పట్టుకుని "నీటి బుడగలట" అని ఇల్లంతా కళ్ళొత్తుకునేది ఆ ఎదగని అండాల సంచుల్ని గురించే. ఇందులో తాళిబొట్టు ఎక్కడ అడ్డుపడుతుందని అడిగితే, "ఒక కాన్పయితే అదే పోతుంది" అంటారు. కడుపు రావడమే కష్టమైన జబ్బుకు మందు కడుపు రావడమేనట! పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదన్న సామెతను మనవాళ్ళు వైద్యశాస్త్రంగా చదువుకున్నట్టున్నారు.

అలాగని ఈ వైద్యానికి సాక్ష్యం లేదనకండి. ఆ సాక్ష్యం ఎలా పుడుతుందో చూడండి. మూడు నెలలైనా నెలసరి రాని పిల్లకు ముహూర్తం పెడతారు. ఇన్నాళ్ళూ రాలేదని కుమిలిన తల్లికి, సరిగ్గా పీటల మీద కూర్చున్న రోజే వస్తుందేమోనని గుబులు. మందుల షాపుకు పరుగు. "డేట్ వెనక్కి జరిపే మాత్రలివ్వు బాబూ." చీటీ అడిగే నాథుడు లేడు. నారెథిస్టిరోన్, మూడు పూటలా, సత్యనారాయణ వ్రతం అయ్యేదాకా. వ్రతం అయింది, మాత్రలు ఆపారు, రెండు మూడు రోజులకు నెలసరి వచ్చేసింది. ఆ మాత్ర ఆపితే జరిగేదే అది. నెలసరి తెప్పించడానికి డాక్టర్లు రాసేదీ ఆ కోవ మందే. అండం విడుదలైందా అంటే దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ అత్తారింటి నుంచి ఫోన్ రాగానే తల్లి దేవుడి గదికేసి దండం పెడుతుంది. సాయంత్రానికి పిన్ని దిగుతుంది: "నే చెప్పలేదూ?" ఖాళీ మాత్రల అట్ట మాత్రం పెళ్ళికూతురి హ్యాండ్‌బ్యాగులో అడుగున పడి ఉంటుంది. పేరు దానికెవరిస్తారు?

పిల్లలు కావాలనుకున్నప్పుడు పనికొచ్చే మందులు లేకపోలేదు. 2014లో అమెరికాలో 750 మంది మీద జరిపిన పరిశోధనలో పాత క్లోమిఫీన్‌తో నూటికి 19 మందికి బిడ్డ పుడితే, లెట్రజోల్‌తో 27 మందికి పైగా పుట్టారు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలూ దాన్నే ముందు వాడమంటాయి. టీనేజీ పిల్లలకు స్కానింగ్ చూసి ఈ జబ్బుందని తేల్చవద్దని కూడా చెబుతాయి. ఇంటర్ చదివే పిల్ల రిపోర్టుతో సంబంధాలకు బయల్దేరినవాళ్ళకు అదెక్కడ వినపడుతుంది? ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి చివరికి పిల్లలు పుడతారు, కొందరికి ఏ మందూ లేకుండానే. ఆ పుట్టినవాళ్ళంతా పిన్ని ఖాతాలో జమ.

ఈ మందుకు ఇంకో వాడుకా ఉంది. మగపిల్లాడి తాగుడుకూ, జులాయితనానికీ కూడా ఇదే రాస్తారు: "నెత్తిన బాధ్యత పడితే వాడే దారికొస్తాడు." ఒక ఇంట్లో బుడగలకు, ఇంకో ఇంట్లో బాటిలుకు మందు వెతుకుతుంటే మధ్యలో పెళ్ళిళ్ళ పేరయ్య ఫొటోలు మారుస్తాడు. ఈమె రిపోర్టు వాళ్ళకు చూపించరు, అతగాడి సంగతి వీళ్ళకు చెప్పరు. ఏడాది తిరిగాక ఆస్పత్రి మెట్లెక్కేది ఆమె ఒక్కతే. డాక్టరమ్మ అబ్బాయికీ వీర్య పరీక్ష రాస్తే, "మా వాడికేం, దుక్కలా ఉన్నాడు" అంటుంది అత్తగారు.

పిన్నిని నిలదీద్దామంటే ఆవిడకిప్పుడు తీరిక లేదు. ఆ ఇంటి రెండో అమ్మాయికి థైరాయిడట. సంబంధం చూస్తోంది.