జలపాత్ర శాస్త్రం: వియన్నా కాఫీ పక్కన నీళ్ల గ్లాసు

విషయం: వియన్నాలో పాతకాలపు కాఫీహౌస్ దేంట్లోకైనా వెళ్లి పాల నురగ తేలే మెలాంజ్ చెప్పండి. చిన్న లోహపు పళ్లెంలో కప్పు, పక్కనే గ్లాసుడు నీళ్లు, చాలాచోట్ల ఆ గ్లాసు మీద బోర్లించిన చెంచా వస్తాయి. ఇదే ఊళ్లో సాహెర్ కేకు విషయంలో ‘అసలుది’ అన్న పేరు ఎవరిదో తేల్చుకోవడానికి హోటల్ సాహెర్, డెమెల్ మిఠాయి దుకాణం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి 1963లో రాజీపడ్డాయి. నీళ్ల గ్లాసు మీద మాత్రం ఎవరూ దావా వేయలేదు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడమే ఈ శాస్త్ర ప్రయోజనం.

అధికారి: ఏడు రోజుల్లో అయిదు దేశాలు చుట్టేవారికీ, గైడు జెండా వెంట పరుగెత్తేవారికీ ఇందులో ప్రవేశం లేదు. వారు ఆల్ప్స్ దాటి ఇటలీకి పోవచ్చు. అక్కడ కౌంటరు దగ్గర నిలబడి ఎస్ప్రెస్సోను రెండు మూడు గుక్కల్లో ముగించడమే ఆచారం.

పూర్వపక్షం: దీనిపై మూడు మతాలున్నాయి.

నోరు పుక్కిలించుకుంటేనే కాఫీ రుచి తెలుస్తుందని, నీళ్లు అందుకేనని శుద్ధివాదులంటారు. అలాగైతే కాఫీ అయిపోయాక మళ్లీ నీళ్లెందుకు తెస్తున్నట్టు?

తడి చెంచా పెట్టుకోవడానికి చోటు కావాలి గనక గ్లాసు పుట్టిందని చెంచావాదులంటారు. సాసరు ఉండగా ఈ వాదం నిలవదు.

గర్వవాదుల వాదనలో కొంత పస ఉంది. బావినీళ్లతో రోగాల పాలైన ఈ నగరం 1873లో కొండ ఊటల నీటిని కాలువ కట్టి తెచ్చుకుంది. ఆ సంబరానికే ష్వార్ట్‌సెన్‌బెర్గ్ కూడలిలో పెద్ద ఫౌంటెన్ వెలిసింది. 1910లో రెండో కాలువ వచ్చింది. అందులో నీరు పంపు సాయం లేకుండా, పల్లం వెంట దాదాపు 180 కిలోమీటర్లు 36 గంటల్లో నడిచొస్తుంది. అలాంటి నీళ్లను చూపించుకోవాలని ఊరికి ఉండదా? ఉంటుంది. కానీ గొప్ప చూపించడానికి ఒక్క గ్లాసు చాలదా?

ఇక తెలుగు పూర్వపక్షి లేచి, “మా హోటళ్లలోనూ కూర్చోగానే నీళ్లు పెడతారు, ఇందులో వింతేముంది?” అంటాడు. నిజమే. కానీ ఆ నీళ్లు “ఏం కావాలి?” అనే ప్రశ్నకు ముందుమాట. తరువాత చివరి గుక్క దిగకముందే సోంపుతోపాటు బిల్లు వస్తుంది. ఆపాటికే కుర్చీ వెనక మరొకరు నిలబడి ఉంటారు.

సిద్ధాంతం: కాఫీ కొనుక్కున్న సరుకు, నీళ్లు కూర్చున్న చోటికి కౌలు కాగితం. గ్లాసు నిండినప్పుడల్లా కౌలు పొడిగిస్తున్నట్టే లెక్క. నల్లకోటు వేసుకుని, మొహం గంటు పెట్టుకున్న వెయిటరు, మనం అడిగితే తప్ప బిల్లు తేడు. వంచిన చెక్క పిడికి తగిలించిన పత్రికలు చదువుకోవచ్చు. రచయిత పీటర్ ఆల్టెన్‌బెర్గ్ ఏకంగా కఫే సెంట్రల్‌నే తన చిరునామాగా చెప్పుకున్నాడు. 2011లో ఈ సంస్కృతిని ఆస్ట్రియా యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ జాబితాకెక్కింది కాఫీ రుచి కాదు, తీరికగా కూర్చోవడం. పైగా 36 గంటలు నడిచొచ్చిన అతిథిని అయిదు నిమిషాల్లో మింగేసి లేవడం ఏం మర్యాద?

విధి నిషేధాలు: ఉత్త ‘కాఫీ’ అని అడగరాదు, రకం పేరు చెప్పాలి. వెయిటర్ని ‘హేర్ ఓబర్’ అని పిలవాలి. చిటిక వేయడం మహాపాతకం. లేవాలనుకుంటే ‘ట్సాలెన్, బిట్టె’ అనాలి. ఆ మాట విన్నాక ఎప్పుడు రావాలన్నది ఆయన ఇష్టం.

ఫలశ్రుతి: దీన్ని నిష్ఠగా ఆచరించినవారికి ఒక కాఫీ ఖరీదుకు ఒక మధ్యాహ్నం సిద్ధిస్తుంది. కనీసం ఒక మ్యూజియం చూడకుండా ఉండిపోతుంది. ఆ పాపానికి ప్రాయశ్చిత్తం మరో మెలాంజ్. నీళ్లు ఎలాగూ వెంట వస్తాయి.