గడియారం వారిది, జాగారం మనది

నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారం గంట వెనక్కి జరుగుతుంది.
అక్కడివాళ్లకు గంట అదనపు నిద్ర.
మాదాపూర్‌లో రాత్రి ఎనిమిదిన్నర మీటింగు తొమ్మిదిన్నరకు పోతుంది. పిల్లల్ని పడుకోబెట్టే వేళకు.

మార్చి రెండో ఆదివారం ముల్లు మళ్లీ ముందుకు. మీటింగు మళ్లీ వెనక్కి. ఈసారి కుక్కరు విజిల్ వేసే వేళకు.

మన ముల్లు మాత్రం ఏడాదంతా కదలదు. కదిలేది మన భోజనమే.

ఈ జరుపుడు మానేద్దామని 2022 మార్చిలో అమెరికా సెనేట్ ఎవరూ అడ్డుచెప్పకుండా బిల్లు పాస్ చేసింది. ప్రతినిధుల సభకు వెళ్లి అది నిద్రపోయింది. ఈ వ్యవహారం మొత్తంలో హాయిగా నిద్రపోయింది ఆ బిల్లొక్కటే!

'ఫ్లెక్సిబుల్ టైమింగ్స్' అని ఆఫర్ లెటర్‌లో రాసే ఉంటుంది లెండి. వంగాల్సింది ఎవరో రాయలేదు, అంతే.

రాత్రి తొమ్మిదిన్నర. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఆవలింతను మ్యూట్‌లో పెట్టి, గోడవైపు తిరిగి మనవాడు నవ్వుతూ 'గుడ్ మార్నింగ్' అన్నాడు. ఊరినుంచి వచ్చిన నాయనమ్మ గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసింది.

ఈ బాధ పడలేక ఆన్‌సైట్‌కు వెళ్లాడు. ఇప్పుడక్కడ రాత్రి పదింటికి లేచి కూర్చుని, హైదరాబాద్ టీమ్‌కు 'గుడ్ మార్నింగ్' చెబుతున్నాడు.