మోటారు మామ

కృష్ణానగర్‌లో అరవై గజాల జాగాలో లేచిన నాలుగంతస్తుల బిల్డింగు ఏదైనా చూడండి. సంపు ఉంటుంది, మెట్ల కింద ఇరుక్కున్న బండ్లు ఉంటాయి, ఒక మోటారు మామ ఉంటాడు. ఓనరనుకునేరు! మనలాగే కిరాయికున్నవాడు. కాకపోతే పదేళ్ల ముందు దిగాడు. ఓనరు ఊరి చివర కొత్తిల్లు కట్టుకుని వెళ్తూ వెళ్తూ మోటారు స్విచ్చు ఈయన గుమ్మం పక్కన బిగించి పోయాడు. అంతే, పెత్తనం చేతికొచ్చింది.

నేను రూము చూడ్డానికి వెళ్తే తలుపు తీసింది ఆయనే. బనీను, లుంగీ, వేలికి తాళాల గుత్తి.

"ఏం పని జేస్తవ్ తమ్మీ?"

"అసిస్టెంట్ డైరెక్టర్‌నండీ."

మొహం కాదు, నా చెప్పులు చూశాడు. "జూనియర్ ఆర్టిస్టన్న అయితే ఏ రోజు పైసలు ఆ రోజొస్తయ్. నీకేమొస్తయ్? మూడు నెల్ల అడ్వాన్స్ గట్టు."

నల్లా వచ్చేది రోజు విడిచి రోజు. తెల్లారగట్ల "నల్లా వచ్చిందీ!" అని ఆయన వేసే కేకకు మా వీధిలో కోళ్లు కూయడం మానేశాయి. ట్యాంకు నిండేది ఆయన దయ. కిందటి నెల మూడో అంతస్తు కుర్రాడు ఏదో ఎదురు చెప్పాడు. మర్నాడు తలకు షాంపూ పెట్టుకుని, టవలు చుట్టుకుని, మెట్ల మీద నిలబడి "మామా, తప్పైంది" అన్నాడు. మామ చాయ్ మొత్తం తాగాకే స్విచ్చు వేశాడు.

కరెంటుది ఇంకో కథ. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లని సర్కారు అంది. మా బిల్డింగులో ఎనిమిది పోర్షన్లకూ కలిపి సర్కారు మీటరు ఒక్కటే, మిగతావన్నీ సబ్‌మీటర్లు. ఎనిమిది సంసారాలు 200 దాటకుండా బతకాలంటే కొవ్వొత్తులు కొనుక్కోవాలి. మామ ప్రతి ఒకటో తారీకూ టార్చి వేసి, దారంతో కట్టిన పెన్నుతో పాత డైరీలో రీడింగులు ఎక్కిస్తాడు. యూనిట్‌కు పది రూపాయలు. కిరాయి పెంచితే కారణం అడగక్కర్లేదు, మెట్రో. 2019లో వచ్చిన రైలుకు మేం ఇంకా వడ్డీ కడుతున్నాం. ఎక్కేది మాత్రం షేర్ ఆటోనే.

పోయిన వారం గేటుకు టులెట్ బోర్డు కనిపించింది. 'నీళ్లకు ఇబ్బంది లేదు' అని మామ దస్తూరీ, కింద మామ నంబరు. చూడ్డానికొచ్చిన కుర్రాణ్ని నిలబెట్టి, చెప్పులు చూసి, "మూడు నెల్ల అడ్వాన్స్" అంటున్నాడు.

ఏ పోర్షన్ ఖాళీ అవుతోందో సాయంత్రం కిరాణా కొట్లో తెలిసింది. మామదే. ఐదు నెలల కిరాయి బాకీ.