గాలిలో లోహాలు: కొలిచేవాళ్లకు కాకిలెక్కల చిట్కాలు

విశాఖ గాలిలో లోహాలు కొలిచే పని నీ నెత్తిన పడిందా తమ్ముడూ? కంగారు పడకు. ఒకపక్క పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం, ఇంకోపక్క రిఫైనరీ, స్టీల్ ప్లాంటు, భీమిలి తీరాన మోనజైట్ ఇసుక. ఇన్ని ఉన్న ఊళ్లో ఏం రాసినా నమ్మేవాళ్లుంటారు.

హైవాల్యూమ్ శాంప్లర్‌ని మేడమీద వాటర్ ట్యాంకు చాటున పెట్టు. నీడ ఉంటుంది, ప్లగ్గూ దగ్గరే. కింద వెల్డింగ్ షాపుంటే నీ అదృష్టం, ఇనుము, మాంగనీసు దండిగా పడతాయి. మెషీన్ నిమిషానికి దాదాపు 1.1 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది. ధూళి పట్టేకొద్దీ ఫ్లో పడిపోతుంది, మధ్యలో కరెంటూ పోతుంది. నువ్వు మాత్రం పొద్దున చూసిన అంకెనే 24 గంటలకూ రాసెయ్.

మోటారు వదిలే గాలిని గొట్టంతో దూరంగా పంపమని చాదస్తులు చెబుతారు. వినకు. మోటారు అరుగుదలకి రాలిన రాగిపొడి తిరిగి నీ ఫిల్టర్ మీదికే వస్తుంది. నగరంలో రాగి పెరిగిందని నాలుగు ముక్కలు రాసుకోవచ్చు.

ఫిల్టర్‌కి గ్లాస్ ఫైబరే వాడు. చవక, పైగా బేరియం, జింకు అందులో ముందే ఉంటాయి. ‘బ్లాంకు’ పేరుతో ఖాళీ ఫిల్టర్‌ని కూడా మెషీన్‌లో పెట్టి తీసి, గాలి పీల్చకుండానే ల్యాబ్‌కి పంపాలట! గాలి తగలని కాగితానికి పరీక్షేమిటని బిల్లు పాస్ చేసే పెద్దాయన అడిగితే ఏం చెబుతావు? మానెయ్. మన దేశంలో ఆర్సెనిక్ వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 6 నానోగ్రాములు. రోజంతా గాలి పీల్చినా, ఆ లెక్కన ఫిల్టర్ మొత్తం మీద 10 మైక్రోగ్రాములు కూడా చేరదు. ఇంత చిన్న విషయానికి బ్లాంకులెందుకు?

ఆర్సెనిక్ మరీ తక్కువొస్తే దిగులొద్దు, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కాస్త ఎక్కువ పోయించు. లోహాలు కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో ఆర్గాన్, క్లోరిన్ జతకట్టి ద్రవ్యరాశి 75 దగ్గర కూర్చుంటాయి. ఆర్సెనిక్ చిరునామా అదే.

అరుదైన మృత్తికలదే అసలు వినోదం. దీపావళికి కాల్చే పచ్చమంటల టపాకాయల్లో బేరియం ఉంటుంది. దాని ఆక్సైడ్ యూరోపియం రెండు ఐసోటోపుల మీదా వచ్చి వాలుతుంది. సవరణలూ అవీ పెట్టుకోకుండా, మర్నాడు ఊరిమీద యూరోపియం మేఘం కమ్మిందని రిపోర్టు రాసెయ్.

లాంతనం, సీరియంల జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లు. మామూలు మట్టిలోనైనా, మోనజైట్‌లోనైనా సీరియం లాంతనానికి సుమారు రెట్టింపు ఉంటుంది. రిఫైనరీ ఉత్ప్రేరకపు ధూళి కలిస్తే లాంతనం పైకి లేస్తుంది. ఈ నిష్పత్తిని పట్టికలో పెడితే ధూళి ఎక్కడిదని అడిగే ప్రమాదముంది. రెండూ కూడేసి ‘మొత్తం అరుదైన మృత్తికలు’ అని ఒకే వరుసలో వేసి, కింద ‘సముద్రపు ఇసుక’ అని రాయి. ఇసుక వచ్చి కాదనదు.

దశాంశం తర్వాత ఆరు అంకెలుంచు. సంతకం ల్యాబ్ కుర్రాడిచేత పెట్టించు.