కాటాలో డాస్ తాత

సాఫ్ట్‌వేర్‌కు చావు లేదు, చచ్చేదల్లా హార్డ్‌వేరే. గిద్దలూరు అవతల నాకు తెలిసిన ఒక కాటాలో తొంభైల నాటి డాస్ ప్రోగ్రామ్ ఇప్పటికీ లారీలు తూస్తోంది. నీలం తెర, పసుపు అక్షరాలు. మౌస్ మొహం ఎరగదు. అది బాగానే ఉంది, దాన్ని మోస్తున్న కంప్యూటరే కాలిపోయింది. కొత్తది తెచ్చారు. 64 బిట్ల విండోస్ డాస్ ప్రోగ్రాములను గడప తొక్కనివ్వదాయె.

"సాఫ్ట్‌వేరే మార్చేద్దాం పెద్దాయనా."

"ఊరుకో నాయనా. పాత బాకీలన్నీ దాంట్లోనే ఉండాయి."

ఇక మిగిలింది ఎమ్యులేటరే. పాత ఆటలు ఆడుకోవడానికని 2002లో డాస్‌బాక్స్ వచ్చింది. మర్యాదగా చెప్పాలంటే దాని పని అబద్ధమాడడం. ఈ డాస్ ప్రోగ్రామ్ తాతను గదిలో కూర్చోబెట్టి, గోడకు 1995 క్యాలెండర్ తగిలించి, "మన పక్క నంద్యాల ఎంపీ పి.వి. గారే ఇంకా ప్రధాని" అని నమ్మించడం. తెర అబద్ధం, 640 కేబీ మెమరీ అబద్ధం. తాత నమ్మాడు. నమ్మి, తాళం చూపించమన్నాడు.

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ కాపీ కొట్టకుండా కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు అగ్గిపెట్టెంత లాక్ బిగించేవాళ్లు. ప్రింటర్ కేబుల్ దాని వీపుకు తగిలేది. ప్రోగ్రామ్ 378 అనే హెక్సాడెసిమల్ అడ్రసుకు (మన లెక్కలో 888) ఏవో అంకెలు పంపుతుంది. లాక్ సరైన జవాబిస్తే సరి, లేదంటే లారీ కాటా మీదే. డాస్‌లో అడిగేవాడు లేడు, ఏ ప్రోగ్రామైనా ఏ పోర్టులోనైనా నేరుగా చెయ్యి పెట్టొచ్చు. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఆ చేతులన్నీ కట్టేసింది. కట్టేయాల్సిందే. ఒకే ప్రింటర్‌ను ఇద్దరు ఒకేసారి గెలికితే ఏమవుతుందో ఆ కాలం గుమాస్తాలను అడగండి.

బరువు చూపే ఇండికేటర్‌తో పేచీ రాలేదు. సీరియల్ పోర్టును నేరుగా అప్పగించే ఏర్పాటు డాస్‌బాక్స్‌లోనే ఉంది. లాక్‌తోనే వచ్చింది తంటా. యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్‌కు 378 అనే అడ్రసే ఉండదు. పీసీఐ కార్డు వేస్తే దానికి డి010 అని ఇంకో అడ్రసు వచ్చింది. తాత మాత్రం పాత ఇంటి తలుపే కొడుతున్నాడు.

డాస్‌బాక్స్‌-ఎక్స్ అనే తమ్ముడు గట్టెక్కించాడు. 378ని అడిగితే డి010కి పంపమని సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను రాయాలి. దానికొక డ్రైవర్, అడ్మినిస్ట్రేటర్ హోదా. ముప్పై ఏళ్ల నాటి ప్రోగ్రామ్ చేతికి అసలు పోర్టు ఇచ్చాక ఊరికే ఉండలేక, ఇంటర్నెట్ వైరు పీకేశాను.

అయినా లాక్ పలకలేదు. జవాబు కోసం తాత ఎంతసేపు ఆగాలో పాత కంప్యూటర్ వేగాన్ని బట్టి లెక్కగట్టారు. కొత్త ప్రాసెసర్ మీద లాక్ నోరు తెరిచేలోపే ఆ గడువు అయిపోతోంది. ఎమ్యులేటర్ వేగం చూసే సైకిల్స్ సెట్టింగును మూడు వేలకు దించి, పాత 386 నడకకు తెచ్చాను. లాక్ పలికింది. మార్కాపురం పలకరాయి లారీ బరువు తెర మీద పడింది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కీచుమంటూ చీటీ కక్కింది.

పెద్దాయన చీటీ చూడలేదు, నన్ను చూశాడు.

"స్పీడు తగ్గించినావు కదా నాయనా. మిగిలింది షాపోడు వాపసు తీసుకుంటాడా?"